క్వార్టర్‌బ్యాక్‌ని మార్చాలా వద్దా: డేనియల్ జోన్స్ విషయంలో జెయింట్స్ అసలు తప్పు ఎక్కడ చేసింది?

న్యూయార్క్ జెయింట్స్‌కి పేరు న్యూయార్క్‌దే గానీ ఆ జట్టు ఆడేది న్యూజెర్సీలో, ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని మెట్‌లైఫ్ స్టేడియంలో. ఎడిసన్, జెర్సీ సిటీ వైపు ఉండే మన తెలుగువాళ్లు సోమవారం పొద్దున ఆఫీసులో వినే ఫుట్‌బాల్ కబుర్లలో ఈ జట్టు గోడు తప్పకుండా ఉంటుంది. 2019 నుంచి 2024 దాకా ఆ గోడంతా ఒకే మనిషి చుట్టూ తిరిగింది. డేనియల్ జోన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని ఉంచుకోవాలా, పంపించేయాలా? చివరికి 2024 నవంబర్‌లో పంపించేశారు. ఏడాది తిరిగేసరికి అతను ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కి ఆడుతూ సీజన్ మొదటి 10 మ్యాచ్‌ల్లో 8 గెలిపించాడు. దాంతో పాత గొడవ మళ్లీ మొదలైంది: అంటే జెయింట్స్ తప్పు చేసినట్టేనా?

చేసింది, కానీ చాలామంది వేలు చూపించే చోట కాదు. నన్నడిగితే 2024 నవంబర్‌లో జోన్స్‌ని వదిలేయడం సరైన పనే. తప్పు అంతకు ఏడాదిన్నర ముందు, 2023 మార్చిలో, అందరూ చప్పట్లు కొడుతున్నప్పుడు జరిగింది. అదెలాగో అర్థం కావాలంటే ఆట గురించి కొంచెం, డబ్బు లెక్కల గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి.

ఈ ఆట పెద్దగా చూడనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. ఎవరికి విసరాలి, విసరకుండా పక్కవాడి చేతికివ్వాలా, తనే పరుగెత్తాలా అన్నది అతను రెండున్నర మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆ కాస్త టైమ్ కూడా అతని ముందు నిలబడే ఐదుగురు అఫెన్సివ్ లైన్ ఆటగాళ్లు అడ్డుకుని సంపాదించిపెట్టేదే. క్రికెట్‌లో చెప్పాలంటే ప్రతి బంతికీ తనే స్ట్రైక్‌లో ఉండాల్సిన కెప్టెన్ అన్నమాట, అవతలి ఎండ్‌లో ఇంకొకరు నిలబడి ఆదుకునే అవకాశమే ఉండదు. అందుకే గెలిస్తే పేరంతా అతనికే వస్తుంది, ఓడితే తిట్లన్నీ అతనికే పడతాయి.

సమస్య కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. క్వార్టర్‌బ్యాక్ అంకెలు చూస్తే అవి అతని అంకెల్లా కనిపిస్తాయి గానీ వాటిలో సగం లైన్‌వి, బంతి పట్టుకునే రిసీవర్లవి, ఆట పథకం రాసే కోచ్‌వి. వీటిని విడదీసి చూడటం ఎవరికీ పూర్తిగా రాదు, ఆటగాళ్లని ఎంచుకోవడానికే కోట్లు జీతం తీసుకునే జనరల్ మేనేజర్లకి కూడా.

జోన్స్ కథలో అదంతా ఉంది. డ్యూక్ యూనివర్సిటీ నుంచి వచ్చిన అతన్ని 2019 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం అది) 6వ ఆటగాడిగా తీసుకున్నప్పుడే అభిమానులు గగ్గోలు పెట్టారు, ఇంత ముందు తీసుకునేంత వాడా ఇతను అని. రెండు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిపించిన ఈలై మానింగ్‌ని మూడో వారంలోనే పక్కన పెట్టి ఇతన్ని దింపారు. మొదటి మ్యాచ్‌లోనే టాంపా బే మీద 18 పాయింట్లు వెనకబడ్డ జట్టుని 32-31తో గెలిపించాడు. ఆ రోజు ఆట చూసినవాళ్లెవరికైనా ఇక పదేళ్లు ఈ పొజిషన్ గురించి బెంగ లేదనే అనిపించి ఉంటుంది. కానీ అదే సీజన్‌లో 24 టచ్‌డౌన్లు (బంతి అవతలి జట్టు చివరి గీత దాటితే వచ్చే స్కోరు) విసిరిన చేతుల్లోంచే 18 సార్లు బంతి జారిపోయింది.

తర్వాత మూడేళ్లలో అతని చుట్టూ మారనిదంటూ ఏదీ లేదు. మొదటి హెడ్ కోచ్ పాట్ షర్మర్ ఒక్క సీజన్ తర్వాత ఇంటికెళ్లాడు. జో జడ్జ్ వచ్చి రెండేళ్లుండి వెళ్లాడు. అఫెన్స్, అంటే బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆట, నడిపించిన జేసన్ గారెట్‌ని 2021 సీజన్ మధ్యలోనే తీసేశారు. 2022లో బ్రయన్ డేబోల్ హెడ్ కోచ్‌గా, జో షేన్ జనరల్ మేనేజర్‌గా వచ్చేసరికి జోన్స్ తన నాలుగో సీజన్‌లో మూడో కోచ్ కింద మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాడు. ఒక కుర్ర క్వార్టర్‌బ్యాక్‌కి ఇంతకంటే అన్యాయం చేయడం కష్టం. అది జెయింట్స్ ఒక్కటే చేసిన పని కూడా కాదు, ఓడిపోయే జట్లన్నీ చేసేది ఇదే. డ్రాఫ్ట్‌లో ముందు వరుసలో కుర్రాళ్లని తీసుకునేవి ఓడిపోయిన జట్లు, కోచ్‌లని ఏడాదికోసారి మార్చేవీ ఆ జట్లే. మంచి క్వార్టర్‌బ్యాక్ అవుతాడనుకున్నవాడిని తీసుకెళ్లి అతను ఎదగడానికి అస్సలు పనికిరాని చోట పెడుతుంది ఈ పద్ధతి.

కొత్తగా వచ్చిన షేన్ జాగ్రత్తపరుడిలాగే మొదలుపెట్టాడు. డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వచ్చిన ఆటగాళ్లకి నాలుగేళ్ల కాంట్రాక్ట్ ఉంటుంది, ఐదో ఏడాది కూడా ఉంచుకునే హక్కు జట్టుకి ఉంటుంది. దాన్ని ఫిఫ్త్ ఇయర్ ఆప్షన్ అంటారు. జోన్స్ విషయంలో దాని ఖరీదు దాదాపు 2.2 కోట్ల డాలర్లు. షేన్ 2022 వేసవికి ముందు ఆ ఆప్షన్ వద్దన్నాడు. నిరూపించుకో, తర్వాత చూద్దాం అన్నట్టు.

నిరూపించుకున్నాడు. 2022లో జెయింట్స్ 9 గెలిచి, 7 ఓడి, ఒకటి టై చేసుకుని ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. జోన్స్ 3,205 గజాలు విసిరాడు, 708 గజాలు పరుగెత్తాడు, సీజన్ మొత్తానికి 5 ఇంటర్‌సెప్షన్లే, అంటే అవతలి జట్టు చేతికి చిక్కిన పాస్‌లే, ఇచ్చాడు. మిన్నెసోటా వైకింగ్స్ మీద వాళ్ల సొంత గడ్డ మీదే 31-24తో ప్లేఆఫ్ మ్యాచ్ గెలిపించాడు, ఆ ఒక్క మ్యాచ్‌లోనే 301 గజాలు విసిరి 78 గజాలు పరుగెత్తాడు. వారం తిరక్కుండా ఫిలడెల్ఫియా ఈగల్స్ 38-7తో చితక్కొట్టిందనుకోండి, అయినా ఊరంతా సంబరం. కానీ అదే సీజన్‌లో అతను విసిరిన టచ్‌డౌన్లు 15 మాత్రమే. డేబోల్ అతని చేత జాగ్రత్తగా, దగ్గరి పాస్‌లతో, పరుగులతో ఆడించాడు. పక్కన సాక్వాన్ బార్‌క్లీ లాంటి రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) ఉన్నాడు. తప్పులు తగ్గాయి, నిజమే. జట్టుని భుజాల మీద మోసుకెళ్లగలడా అన్న ప్రశ్నకి మాత్రం ఆ సీజన్ జవాబు చెప్పలేదు.

2023 మార్చి 7న, గడువు ఇంకొన్ని నిమిషాల్లో ముగుస్తుందనగా, జెయింట్స్ జోన్స్‌తో 4 ఏళ్లకి 16 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఏడాదికి 4 కోట్లు. పదినెలల ముందు ఒక్క ఏడాదికి 2.2 కోట్లు ఎక్కువన్న జట్టే ఇది!

ఆ రోజు వాళ్ల ముందు ఇంకో దారి ఉంది. ఫ్రాంచైజ్ ట్యాగ్ అని ఒకటుంటుంది, కాంట్రాక్ట్ అయిపోయిన ఒక ఆటగాడిని ఏడాదిపాటు కట్టిపడేసే హక్కు, ఒక జట్టు ఏడాదికి ఒక్కరి మీదే వాడాలి. ఆ ఏడాది క్వార్టర్‌బ్యాక్ ట్యాగ్ ఖరీదు 3.24 కోట్ల డాలర్లు, రన్నింగ్ బ్యాక్‌ది కోటికి కాస్త పైన. జోన్స్‌కి ట్యాగ్ వేసి ఇంకో ఏడాది చూసి, బార్‌క్లీతో నెమ్మదిగా దీర్ఘకాలం ఒప్పందం కుదుర్చుకోవచ్చు. జెయింట్స్ తిరగేసి చేసింది. అనుమానం ఉన్నవాడికి నాలుగేళ్లు, అనుమానం లేనివాడికి ఏడాది ట్యాగ్. ట్యాగ్ వేస్తే ఆ ఏడాది ఖర్చు ఎక్కువ పడుతుందని, చేతికి డబ్బు ఆడదని వాళ్ల వాదన, అదీ కొట్టిపారేయాల్సిన వాదన కాదు. కానీ ఒక మనిషి గురించి సరిగ్గా తెలియనప్పుడు ఇంకో ఏడాది చూసే అవకాశానికి ఎంత ఖరీదు పెట్టినా అది చౌకే అని నా నమ్మకం.

డబ్బు లెక్క వివరంగా చెప్పకపోతే ఇదంతా గాల్లో మాటలా ఉంటుంది. ఈ జట్లన్నీ ఆడే లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో యజమాని ఎంత కోటీశ్వరుడైనా ఆటగాళ్ల జీతాలకి పైకప్పు ఉంటుంది, అన్ని జట్లకీ ఒకటే. దాన్నే శాలరీ క్యాప్ అంటారు. 2023లో అది 22.48 కోట్ల డాలర్లు, 2024లో 25.54 కోట్లు. ఆ డబ్బులో 53 మంది జట్టుని నడపాలి. అందులో 4 కోట్లు ఒక్కడికే పోతే మిగతా 52 మందికి అంత తగ్గినట్టే, ముందు తగ్గేది సాధారణంగా లైన్‌లోనో, డిఫెన్స్‌లోనో. ఆ ఒక్కడూ పాట్రిక్ మహోమ్స్ లాంటి మేటి క్వార్టర్‌బ్యాక్ అయితే బాధ లేదు. మామూలుగా ఆడేవాడు అయితే జట్టు మొత్తం మామూలుకంటే కిందికి జారుతుంది. అసలు ఈ ఆటలో అన్నిటికంటే ప్రమాదమైన క్వార్టర్‌బ్యాక్ మరీ చెత్తగా ఆడేవాడు కాదు, ఫర్వాలేదనిపించేవాడు. చెత్తగా ఆడేవాడిని ఏడాదిలో పంపించేస్తారు. ఫర్వాలేదనిపించేవాడు ఏడాదికి ఏడెనిమిది గెలిపిస్తూ, వచ్చే ఏడు చూద్దాం అనిపిస్తూ, ఐదారేళ్లు తినేస్తాడు.

డ్రాఫ్ట్‌లో వచ్చే కుర్రాడి లెక్క వేరు. 2010లో మొదటి ఆటగాడిగా వచ్చిన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 6 ఏళ్లకి 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. 2011లో ఆటగాళ్ల సంఘంతో కొత్త ఒప్పందం కుదిరింది, రూకీల, అంటే లీగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ల, జీతాలకి హద్దు పెట్టారు, ఆ ఏడాది మొదటి ఆటగాడు కామ్ న్యూటన్‌కి 4 ఏళ్లకి దక్కింది 2.2 కోట్లే. అప్పటినుంచీ బాగా ఆడే కుర్ర క్వార్టర్‌బ్యాక్ దొరికితే నాలుగేళ్లపాటు మిగతా జట్టుని కొనుక్కోవడానికి బోలెడంత డబ్బు మిగులుతోంది. క్వార్టర్‌బ్యాక్‌ని మార్చేద్దాం అన్న ఆలోచన ఈమధ్య జట్లకి ఇంత తొందరగా వస్తోందంటే దానికి పెద్ద కారణం ఇదే.

సరే, 2023కి వద్దాం. సీజన్ మొదటి మ్యాచ్‌లో, సొంత మైదానంలో, డల్లాస్ చేతిలో 40-0. జోన్స్‌ని ఏడు సార్లు పడగొట్టారు. ఐదో వారం మెడకి దెబ్బ. నవంబర్‌లో తిరిగొచ్చిన మ్యాచ్‌లోనే, లాస్ వేగస్‌లో, మోకాలి లిగమెంట్ తెగిపోయింది. 6 మ్యాచ్‌ల్లో 2 టచ్‌డౌన్లు, 6 ఇంటర్‌సెప్షన్లు. వీటిని చూసి మనిషిని తిట్టేముందు ఇంకో అంకె చూడాలి. ఆ ఏడాది జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్‌లు, ఎవరు ఆడినా సరే, మొత్తం 85 సార్లు శాక్ అయ్యారు, అంటే బంతి విసరకముందే నేలకూలారు. 1986లో ఈగల్స్ 104 తర్వాత లీగ్ చరిత్రలో అంత దారుణం ఇంకోటి లేదు. మంచి లెఫ్ట్ టాకిల్ (లైన్‌లో ఎడమ చివర నిలబడేవాడు) ఆండ్రూ థామస్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు, 2022లో 7వ ఆటగాడిగా తీసుకున్న ఇవాన్ నీల్ ఎంతకీ కుదురుకోలేదు. ఏడు సార్లు కిందపడ్డవాడు ఎనిమిదోసారి బంతి పట్టుకున్నప్పుడు కళ్లు దూరంగా రిసీవర్ మీద పెట్టగలడా, తన మీదికి వచ్చేవాడి మీద పెడతాడా? లైన్ పాడైతే క్వార్టర్‌బ్యాక్ అలవాట్లు కూడా పాడవుతాయి, అవి తర్వాత మంచి లైన్ ఇచ్చినా వెంటనే పోవు.

2024 డ్రాఫ్ట్ ముందే జెయింట్స్ మనసు మారిందని అందరికీ తెలిసిపోయింది. డ్రేక్ మే అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్ కోసం 3వ స్థానానికి ఎగబాకాలని న్యూ ఇంగ్లండ్‌ని అడిగారు, వాళ్లు ఒప్పుకోలేదు. 6వ స్థానంలో రిసీవర్ మలీక్ నాబర్స్‌ని తీసుకున్నారు. బార్‌క్లీని వదిలేశారు, అతను పక్కింటి ఈగల్స్‌కి వెళ్లి ఆ సీజన్‌లో 2,005 గజాలు పరుగెత్తి సూపర్ బౌల్ గెలిచాడు. ఆ గాయం న్యూజెర్సీలో ఇంకా మానలేదు.

2024 నవంబర్ 10న మ్యూనిక్‌లో కరొలైనా పాంథర్స్ మీద 20-17తో ఓడాక జట్టు 2 గెలిచి 8 ఓడినట్టయింది. వారం తర్వాత జోన్స్‌ని బెంచ్ మీదికి పంపి టామీ డివీటోని దింపారు. అప్పటిదాకా రెండో క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న డ్రూ లాక్‌ని కూడా కాదని మరీ. ఇందులో ఆట కంటే కాంట్రాక్ట్ ఎక్కువ పనిచేసింది. జోన్స్‌కి 2025లో 2.3 కోట్ల డాలర్ల ఇంజురీ గ్యారంటీ ఉంది. ఆడుతూ పెద్ద దెబ్బ తగిలి మార్చికల్లా ఫిట్ కాకపోతే, అతను అవసరం లేకపోయినా ఆ డబ్బు కట్టాల్సిందే. దెబ్బ తగలకుండా ఉండాలంటే ఆడించకుండా ఉండాలి. జోన్స్ ఒక కాగితం చూసి చదివి జట్టుకి, అభిమానులకి కృతజ్ఞతలు చెప్పాడు, నేను సరిగా ఆడలేదు అని ఒప్పుకున్నాడు, తర్వాతి రోజు విడుదల అడిగి తీసుకున్నాడు. ఆరు సీజన్లు, 24 గెలుపులు, 44 ఓటములు, ఒక టై.

అతను వెళ్లాక తర్వాతి ఆదివారమే టాంపా బే 30-7తో ఓడించింది. జట్టు మెత్తగా ఆడిందని నాబర్స్ బాహాటంగానే మండిపడ్డాడు. క్వార్టర్‌బ్యాక్‌ని మారిస్తే జట్టుకి ఊపొస్తుందని అంటారు గానీ, గెలవడానికి కాకుండా డబ్బు మిగుల్చుకోవడానికి మార్చారని డ్రెస్సింగ్ రూమ్‌లో ప్రతి ఒక్కరికీ తెలిసినప్పుడు వచ్చే ఊపు అలాగే ఉంటుంది. జోన్స్ ఉండగా ఓడిన ఐదూ కలిపి జెయింట్స్ వరసగా 10 మ్యాచ్‌లు ఓడింది. చివర్లో కోల్ట్స్ మీద 45-33తో ఒకటి గెలిచింది, ఆ గెలుపు వల్లే డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం చేజారి 3వ స్థానం వచ్చింది.

డబ్బు వల్ల మార్చలేం అనేవాళ్లు డెన్వర్ బ్రాంకోస్‌ని చూడాలి. 2022లో రస్సెల్ విల్సన్ కోసం సియాటిల్‌కి డ్రాఫ్ట్‌లో రెండు మొదటి రౌండ్, రెండు రెండో రౌండ్ పిక్‌లతో (ఆటగాడిని ఎంచుకునే వంతులు) పాటు ముగ్గురు ఆటగాళ్లని ఇచ్చారు. ఒక్క మ్యాచ్ ఆడకముందే 5 ఏళ్లకి 24.5 కోట్ల డాలర్లతో పొడిగింపు కూడా ఇచ్చారు. మొదటి ఏడాది 5 గెలిచి 12 ఓడారు. రెండో ఏడాది షాన్ పేటన్ కోచ్‌గా వచ్చాక విల్సన్ 26 టచ్‌డౌన్లు, 8 ఇంటర్‌సెప్షన్లతో బాగానే ఆడాడు, అయినా రెండు మ్యాచ్‌లు మిగిలుండగా కూర్చోబెట్టేశారు. అక్కడా అదే ఇంజురీ గ్యారంటీ, 3.7 కోట్లు. 2024 మార్చిలో వదిలేశారు. వదిలేసినవాడి బోనస్ డబ్బు క్యాప్‌లో మిగిలిపోతుంది, దాన్ని డెడ్ మనీ అంటారు, విల్సన్‌ది 8.5 కోట్ల డాలర్లు, రెండేళ్ల లెక్కల్లోకి పంచారు. అంత బరువు నెత్తిన పెట్టుకుని కూడా ఆ ఏడాదే 12వ ఆటగాడిగా తెచ్చుకున్న బో నిక్స్‌తో 10 గెలిచి, 2015 సీజన్ తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. డెన్వర్ లైన్‌ని నిక్స్ రాకముందే కట్టుకుంది. 2023లోనే మైక్ మెగ్లించీ, బెన్ పవర్స్‌లని పెద్ద డబ్బు పెట్టి తెచ్చింది. కోచ్ కూడా ఏడాది ముందే వచ్చి కుదురుకున్నాడు. నిక్స్ అడుగుపెట్టేసరికి ఇల్లు సిద్ధంగా ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ కోసం దూరం వెళ్లక్కర్లేదు, జెయింట్స్‌తో పాటు అదే స్టేడియంలో ఆడే జెట్స్ ఉంది. 2018లో 3వ ఆటగాడిగా వచ్చిన సామ్ డార్నోల్డ్‌ని మూడేళ్లకి పంపించేశారు. 2021లో 2వ ఆటగాడిగా జాక్ విల్సన్‌ని తెచ్చారు, అతనూ కుదరలేదు. 2023లో ఆరన్ రాడ్జర్స్ వచ్చాడు, నాలుగో స్నాప్‌కే, అంటే నాలుగో ప్రయత్నంలోనే, మడమ వెనక ఉండే అకిలీస్ తెగింది, తర్వాతి ఏడాది పూర్తిగా ఆడినా జట్టు 5 గెలిచి 12 ఓడింది. 2010 సీజన్ తర్వాత ఆ జట్టు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. వాళ్లు వద్దనుకున్న డార్నోల్డ్ మాత్రం 2024లో మిన్నెసోటాలో 35 టచ్‌డౌన్లు విసిరి 14 మ్యాచ్‌లు గెలిపించాడు. ఒక జట్టు వరసగా ముగ్గురిని మార్చినా అదే ఫలితం వస్తోందంటే పాడైంది ఎవరు?

మార్చడానికీ ఉంచుకోవడానికీ మధ్యలో ఇంకో దారి కూడా ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. మ్యూనిక్‌లో జోన్స్‌ని ఓడించిన పాంథర్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్. 2023లో మొదటి ఆటగాడిగా వచ్చాడు, ఆ ఏడాది జట్టు 2 గెలిచి 15 ఓడింది, 2024లో రెండు మ్యాచ్‌లకే బెంచ్ మీద కూర్చోబెట్టారు. అతని పని అయిపోయిందని అందరూ రాసేశారు. అతని బదులు ఆడుతున్న ఆండీ డాల్టన్ గాయపడ్డాక మళ్లీ ఆడించక తప్పలేదు, తిరిగొచ్చినవాడు వేరే మనిషిలా ఆడాడు. 2025లో ఆ జట్టు తన డివిజన్ (నాలుగు జట్ల గుంపు) గెలిచింది. కూర్చోబెట్టడం అంటే వదిలేయడమే కానక్కర్లేదు. దెబ్బతిన్న కుర్రాడికి పక్కనుంచి ఆట చూసే కొన్ని వారాలు మందులా పనిచేయొచ్చు, కాకపోతే అతని కాంట్రాక్ట్ చిన్నదై, ఇంజురీ గ్యారంటీ లాంటి కత్తి నెత్తి మీద వేలాడకుండా ఉంటేనే జట్టుకి ఆ ఓపిక ఉంటుంది.

ఇక కోల్ట్స్‌లో జోన్స్. 2025లో ఏడాదికి 1.4 కోట్ల డాలర్లకి వెళ్లాడు, 2023 డ్రాఫ్ట్‌లో 4వ ఆటగాడైన ఆంథొనీ రిచర్డ్‌సన్‌ని దాటి మొదటి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. మొదటి మ్యాచ్‌లో మయామీని 33-8తో ఓడించారు. ముందు క్వెంటన్ నెల్సన్ లాంటివాళ్లున్న లైన్, పక్కన రన్నింగ్ బ్యాక్ జొనాథన్ టేలర్, పథకం గీసేవాడు కోచ్ షేన్ స్టైకెన్. ఇవన్నీ ఉంటే ఇదే మనిషి ఎలా ఆడగలడో ప్రపంచం చూసింది. డిసెంబర్‌లో జాక్సన్‌విల్‌లో అకిలీస్ తెగి సీజన్ ముగిసింది, కోల్ట్స్ దిక్కుతోచక 44 ఏళ్ల ఫిలిప్ రివర్స్‌ని రిటైర్మెంట్ నుంచి పిలిపించింది, అయినా చివరికి 8 గెలుపుల దగ్గరే ఆగిపోయింది.

మన హైదరాబాద్ జట్టు అభిమానులకి ఈ నొప్పి కొత్త కాదు. 2016లో ఐపీఎల్ కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ని, తెలుగు పాటలకి స్టెప్పులేసి ప్రతి ఇంట్లో మనిషైపోయినవాడిని, 2021 సీజన్ మధ్యలో సన్‌రైజర్స్ కెప్టెన్సీ నుంచి తీసేసి, తర్వాత జట్టులోంచే తప్పించింది. ఆ ఏడాది జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. కొన్ని వారాలకే వార్నర్ టీ20 ప్రపంచకప్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయ్యాడు.

వదిలేసినవాడు బయట మెరిశాడు కాబట్టి వదిలేయడం తప్పు అనేస్తాం, నాకూ మొదట అలాగే అనిపిస్తుంది. కానీ రెండు వేర్వేరు ప్రశ్నలవి. జోన్స్ మంచి క్వార్టర్‌బ్యాకా అన్నది ఒకటి. జెయింట్స్‌లో, ఆ లైన్ వెనకాల, ఏడాదికి 4 కోట్లు తీసుకుంటూ, ఆరేళ్ల ఓటములు మోస్తూ అతను మంచి క్వార్టర్‌బ్యాక్ కాగలడా అన్నది ఇంకొకటి. కోల్ట్స్ సీజన్ మొదటిదానికి జవాబు చెప్పింది. రెండోదానికి 2024 నవంబర్‌కల్లా జవాబు వచ్చేసింది, కాలేడని. వార్నర్ విషయంలో నా కోపం వేరే, ఫామ్ పోయిన ఆటగాడిని తప్పించడం వేరు, జట్టుకి అంత చేసినవాడిని అలా సాగనంపడం వేరు.

కాబట్టి ఏ జట్టు విషయంలోనైనా నేను ముందు చూసేది ఒకటే. వచ్చే సీజన్ ఇతనితోనే ఆడితే ఇతని గురించి కొత్తగా ఏమన్నా తెలుస్తుందా? కొత్త కోచ్ వచ్చాడు, లైన్ బాగుపడింది, మంచి రిసీవర్ చేరాడు, అప్పుడు తెలుస్తుంది, ఆగాలి. ఏమీ మారకుండా మళ్లీ అదే ఆశతో మొదలుపెడుతుంటే ఆగడంలో అర్థం లేదు. కాంట్రాక్ట్ గడువు దగ్గరపడితే ఈ ప్రశ్న ఇంకా పదునెక్కాలి, ఎందుకంటే అభిమానులు కేకలేసేది నవంబర్‌లో గానీ జట్టు తలరాత రాసేది మార్చిలో. ఇక తర్వాత ఎవరు అన్నది కూడా తేల్చుకోకుండా మార్చడం వట్టి కసి తీర్చుకోవడమే. జెయింట్స్ దగ్గర 2024 నవంబర్‌లో జోన్స్ తర్వాత ఎవరూ లేరు, అది నిజం. అందుకే ఆ సీజన్ అంత ఘోరంగా ముగిసింది.

2025లో వాళ్లు రస్సెల్ విల్సన్‌ని తెచ్చారు, అవును, డెన్వర్ వదిలేసిన విల్సన్‌నే. డ్రాఫ్ట్‌లో మళ్లీ మొదటి రౌండ్‌లోకి ఎగబాకి 25వ ఆటగాడిగా జాక్సన్ డార్ట్‌ని తీసుకున్నారు, 4 ఏళ్లకి దాదాపు 1.7 కోట్ల డాలర్లు, జోన్స్ ఒక్క ఏడాది జీతంలో సగం కూడా కాదు. మూడు ఓటముల తర్వాత విల్సన్ పక్కకి తప్పుకున్నాడు, డార్ట్ తన మొదటి మ్యాచ్‌లోనే చార్జర్స్ మీద 21-18తో గెలిచాడు, అక్టోబర్‌లో ఈగల్స్‌ని 34-17తో ఓడించాడు. మెట్‌లైఫ్‌లో ఎన్నాళ్లకో ఆ సందడి. కానీ ఇల్లలకగానే పండగ కాదు కదా. డార్ట్ గెలిచిన ఆ మొదటి మ్యాచ్‌లోనే నాబర్స్ మోకాలు పోయింది. నవంబర్‌లో షికాగోలో డార్ట్ తలకి దెబ్బ తగిలింది, మరుసటి రోజు డేబోల్ ఉద్యోగం పోయింది, జట్టు అప్పటికి మళ్లీ 2 గెలిచి 8 ఓడింది.

అంటే డార్ట్ కూడా రెండో ఏడాదికే రెండో కోచ్ చేతిలోకి వెళ్తున్నాడు, జోన్స్ వెళ్లినట్టే. కుర్రాడు ధైర్యంగా ఆడతాడు, ఒళ్లు దాచుకోడు, అదే నాకు భయం. థామస్‌కి అవతలివైపు కూడా నిఖార్సైన టాకిల్ కావాలి, అతనికి దెబ్బ తగిలినప్పుడు నిలబడే ఇంకొకడు కావాలి, ఈ రెండూ ఈసారైనా క్వార్టర్‌బ్యాక్ మీద తీర్పు చెప్పకముందు తెచ్చుకోవాలి. డార్ట్ ఫిఫ్త్ ఇయర్ ఆప్షన్ గురించి జెయింట్స్ 2028 మే లోపు తేల్చుకోవాలి. అప్పటికి అతని ముందు ఎవరు నిలబడి ఉన్నారో చూసి ఆ నిర్ణయం ఎలా ఉండబోతుందో ఇప్పుడే సగం చెప్పేయొచ్చు.